పార్కు గోడ మీది నీడ

పొద్దున స్టెడీ మాస్టారు పార్కులోకి వచ్చేసరికి ఊడ్చేవాళ్ళు కూడా ఇంకా వచ్చి ఉండరు. మూడుకాళ్ళ స్టాండు భుజాన, కెమెరా సంచీ మెడలో, చేతిలో మడతపెట్టిన తెల్లగుడ్డ. ముందు బెంచీ తుడుస్తాడు. తరవాత రాలిన ఆకుల్ని చెప్పుతో పక్కకి నెడతాడు. ఆ తరవాత ఎండ ఎక్కడిదాకా వచ్చిందో చూసుకుని, మనిషి నిలబడాల్సిన చోట సుద్దముక్కతో గీత గీస్తాడు. ఆ గీతకి కాలి బొటనవేలు ఆనించి నిలబడితేనే ఆయన ఫోటో తీస్తాడు. గీత దాటిన వాళ్ళని, వాళ్ళు ఎంతటి వాళ్ళయినా సరే, మళ్ళీ వెనక్కి నిలబెడతాడు.

"గడ్డం కొంచెం కిందకి. భుజాలు వెనక్కి. ఎడమ చెయ్యి గోడ మీద పెట్టు. అది కాదమ్మా, నీ ఎడమ చెయ్యి. ఆఁ. ఇప్పుడు నవ్వు. అంత వద్దు, తగ్గించు. స్టెడీ... స్టెడీ..."

ఆ మాట వల్లే ఆ పేరు వచ్చింది. అసలు పేరు పోస్టువాడికి కూడా గుర్తులేదు.

ఆయన ఫోటో తీశాక మనుషులు వెళ్ళిపోతారు, వాళ్ళ నీడలు మాత్రం గీత దగ్గరే ఉండిపోతాయి. చెప్పినట్టు బిగుసుకుని నిలబడితే ఎవరి నీడయినా అంతే. బిగుసుకున్నది సడలాలంటే కాస్త సమయం పడుతుంది మరి. మనిషి ఇంటికి పోయి, బట్టలు మార్చుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుని, ఇంట్లో ఎవరో ఒకరిని విసుక్కున్నాక నీడ దానంతటదే ఇల్లు చేరుతుంది. అందాకా ఒళ్ళంతా తిమ్మిరెక్కినట్టు ఉంటుంది. ఫోటో తీయించుకున్న పూట పొయ్యి దగ్గరికి పోవద్దనీ, బండి నడపొద్దనీ పెద్దవాళ్ళు చెబుతారు. సాయంత్రం పూట నీడలు వరసగా బయటికి పోతుంటాయి గనక వాచ్‌మన్ పార్కు గేటు ఓరగా తెరిచే ఉంచుతాడు.

మాస్టారి భార్య నీడ మాత్రం ఇంటికి రాలేదు.

కూతురు పలక సంచీ మోసుకుని బడికి పోయే రోజుల్లో జరిగిందది. మాస్టారు కొత్త లెన్సు కొన్నాడు. దానితో మొదటి ఫోటో ఇంటావిడదే తీయాలనుకున్నాడు. ఆ మాటకి ఆమె సంతోషించి, పెట్టెలో దాచుకున్న మంచి బట్టలు కట్టుకుని వచ్చింది. పార్కు పడమటి గోడ దగ్గర నిలబెట్టి, ఎడమ చెయ్యి గోడ మీద పెట్టించి, తల కాస్త పక్కకి వంచి, ఆయన కెమెరా వెనక్కి పోయాడు. సరిగ్గా అప్పుడే మబ్బు కమ్మింది.

"నేను చెప్పేదాకా కదలకు," అన్నాడు.

"పిల్ల వచ్చే వేళయిందండీ."

"కదలకు అన్నానా?"

ఆమె కదల్లేదు. మబ్బు పోయేలోగా పార్కులోకి పెళ్ళివాళ్ళు దిగారు. వరుడి తండ్రి దూరం నుంచే చెయ్యి ఊపి పిలిచాడు. మాస్టారు వెళ్ళి, పెళ్ళికూతురి చెయ్యి సరిచేసి, పెళ్ళికొడుకు మెడ సరిచేసి, ఫోటోలు తీశాడు. వాళ్ళు కారెక్కించుకుని హాలుకి తీసుకుపోతే అక్కడా తీశాడు. పని బాగా చేశాడు. పనిలో పడి భార్యని మర్చిపోయాడు. పని మీద శ్రద్ధ ఉంటే మనిషి మీద కూడా ఉన్నట్టేనని చాలామంది అనుకుంటారు. అలా ఏమీ ఉండదు.

చీకటిపడుతుంటే వాచ్‌మన్ వచ్చి, "అమ్మా, గేటు మూసేస్తున్నా," అంటే ఆమె ఇంటికి వచ్చింది. తాళం వేసిన తలుపు ముందు పిల్ల నిద్రపోతోంది. ఆమె తలుపు తీసింది, పిల్లని లోపల పడుకోబెట్టింది, మొగుడు వచ్చాక అన్నం పెట్టింది. ఎక్కడికి పోయారని అడగలేదు. అడగలేదు కదా అని ఆయనా చెప్పలేదు. నీడ గోడ దగ్గర ఉండిపోయింది.

ఆ నీడకి ఎండతో పనిలేదు. వానలోనూ మబ్బులోనూ అలాగే ఎడమ చెయ్యి ఆనించి, తల వంచి, ఫోటో కోసం చూస్తూ ఉంటుంది. పార్కుకి వచ్చేవాళ్ళు దాని మీద సైకిలు ఆనించరు, అంతే.

ఇంట్లో ఆమె పని ఫోటోల అంచులు కత్తిరించి అట్టల మీద అతికించడం. నీడ పోయిన దగ్గర్నుంచి ఆమె కత్తెర వెంట్రుకవాసి కూడా పక్కకి పోలేదు. ఎవరైనా నవ్విస్తే నవ్వేది కాదు. ఎవరైనా పోయారంటే వెళ్ళి కూర్చుని, అందరూ లేచినప్పుడు లేచి వచ్చేది. బాగున్నావా అంటే బాగున్నాననేది. కూతురు జ్వరంతో మూలిగినా, పరీక్షలో మొదట వచ్చినా, ఉద్యోగానికి పొరుగూరు పోయి తిరిగొచ్చినా ఆమెది ఒకటే మొహం. ఇరుగుపొరుగు దాన్ని గురించి పెద్దగా మాట్లాడేవాళ్ళు కాదు. "ఆవిడ నీడ పార్కులో ఉంది కదా, గట్టిగా చెప్పండి," అనేవాళ్ళు, చెవుడున్న మనిషిని గురించి చెప్పినట్టు.

మాస్టారికీ అలవాటైపోయింది. పొద్దున బెంచీ తుడిచాక గోడ దగ్గరికి పోయి, నీడ చుట్టూ పట్టిన పాచిని అదే గుడ్డతో తుడుస్తాడు. తరవాత ఆ గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని పనిలో పడతాడు. బాధపడేవాడా అంటే, ఆ సంగతి ఆయనకే తెలియదు. రోజూ చూసేదానికి మనిషి బాధపడడు. అదే మనిషిలో ఉన్న పెద్ద లోపం.

కూతురు కూడా ఫోటోలే తీస్తుంది. కానీ ఆమె పద్ధతి వేరు. పార్కుకి అవతలి చివర, గడ్డి ఉన్నచోటికి జనాన్ని రమ్మంటుంది. వాళ్ళు వస్తారు, కూర్చుంటారు, కొట్టుకుంటారు, పిల్లలు పడి ఏడుస్తారు. ఆమె వాళ్ళ మధ్యలోనే కబుర్లు చెబుతూ తిరుగుతుంది. ఎప్పుడు తీసిందో ఎవరికీ తెలియదు. ఆమె దగ్గరికి వచ్చినవాళ్ళు నీడలతో సహా ఇంటికి పోతారు.

"అదేం ఫోటోనే?" అని మాస్టారు ఒకసారి కూతురి ఫోటో చేత్తో పట్టుకుని, దూరంగా పెట్టి చూశాడు. "తాతకి సగం చెవే ఉంది. పిల్లాడు నోట్లో వేలు పెట్టుకున్నాడు. ఈవిడెవరు, ఆవులిస్తోంది?"

"వాళ్ళమ్మ. వాళ్ళింట్లో ఫ్రేము కట్టించుకున్నారు."

"ఆవులింతనా?"

"ఆవిడ ఆవులింత చూసి వాళ్ళందరూ పడీపడీ నవ్వారు నాన్నా. ఆవిడ ఎప్పుడూ అలాగే ఉంటుందట."

"ఎప్పుడూ అలా ఉండేదాన్ని ఇంట్లో చూసుకోవచ్చు. ఫోటో దేనికి? మనిషి ఒక్కసారైనా కుదురుగా కనిపించాలి."

"కుదురుగా మన ఇంట్లో ఒకరు ఉన్నారు కదా," అంది కూతురు.

అమ్మ పక్కగదిలో అంచులు కత్తిరిస్తూనే ఉంది. మాస్టారు ఫోటో బల్ల మీద పెట్టి, గుడ్డ తీసి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

ఇలా ఉండగా ఒకనాడు పార్కులోకి ఇటుకపని మేస్త్రీ టేపు పట్టుకుని వచ్చాడు. గోడ పొడుగు కొలిచాడు, ఎత్తు కొలిచాడు. నీడ దగ్గరికి వచ్చేసరికి టేపు దాని మీద పడకుండా ఎత్తి పట్టుకున్నాడు.

"దేనికి కొలుస్తున్నావు?" అన్నాడు మాస్టారు.

"పడగొట్టడానికి మాస్టారూ. అవతలి రోడ్డు వెడల్పు చేస్తున్నారు. ఈ గోడంతా పోతుంది. వచ్చేవారం మొదలుపెడతాం."

"ఇక్కడ నీడ ఉంది."

"చూశాను. అమ్మగారిదే కదా?" మేస్త్రీ తల గోక్కున్నాడు. "మామూలు నీడలయితే సుత్తి దెబ్బకి లేచి పోతాయి. ఇంత పాతదయితే ఇటుకలోకి దిగిపోయి ఉంటుంది. ఇటుకతోపాటు పగులుతుంది. తీసుకుపోయేది ఏదయినా ఉంటే ముందే తీసుకుపొండి. ఆ తరవాత గోతిలో పోసి పూడ్చేస్తాం, నన్నడగొద్దు."

"నీడ పగిలితే మనిషికేమవుతుంది?"

"నేను ఇటుకల మేస్త్రీని మాస్టారూ. నాకు తెలిసిందల్లా ఒకటే. పగిలిన నీడ ఇంటికి పోవడం నేనెప్పుడూ చూడలేదు."

మాస్టారు ఆ మధ్యాహ్నం కెమెరా సంచీ సర్దుకోలేదు. ఇంటికి పోయి, భార్యని లేవమన్నాడు. ఆ మంచి బట్టలే కట్టుకోమన్నాడు. అవి ఇప్పుడు వదులుగా ఉన్నాయి, పిన్నులు పెట్టాడు. పార్కుకి తీసుకొచ్చి, గోడ దగ్గర, నీడకి సరిగ్గా ఆనుకునేలా నిలబెట్టాడు. ఎడమ చెయ్యి పెట్టించాడు. తల వంచాడు. ఆరోజు తీయని ఫోటో ఇవాళ తీసేస్తే నీడకి విడుదల అవుతుందని ఆయన లెక్క. అదివరకు ఎన్నోసార్లు అలాగే చేసి ఉన్నాడు. ఈసారి ఇంకా జాగ్రత్తగా చేశాడు, అంతే తేడా.

"స్టెడీ... స్టెడీ..."

నొక్కాడు. ఆమె చెయ్యి తీసి నడిచింది. గోడ మీది నీడ కదల్లేదు. ఇంతకు ముందు కంటే నల్లబడింది.

ఆ రాత్రి కూతురు వంటింట్లోకి వస్తే, తల్లి వేడి గిన్నెని ఉత్త చేతుల్తో పట్టుకుని నిలబడి ఉంది. వేళ్ళు బొబ్బలెక్కాయి. మొహంలో చీమ కుట్టిన జాడ కూడా లేదు.

"అమ్మా, దింపు! దింపెయ్యి!" అని కూతురు గిన్నె లాక్కుని, చేతులు నీళ్ళలో పెట్టింది. తరవాత హాల్లోకి వచ్చింది. "మళ్ళీ నిలబెట్టావా నాన్నా?"

"గోడ పడగొడుతున్నారు."

"నాకు తెలుసు. మళ్ళీ నిలబెట్టావా లేదా?"

"అది క్లిక్కు కోసం ఎదురుచూస్తోంది. నేను ఆరోజు నొక్కలేదు కదా. నొక్కితే పోతుందని..."

"ఎన్నిసార్లు నొక్కావు?"

ఆయన జేబులోంచి గుడ్డ తీసి మడత సరిచేయడం మొదలుపెట్టాడు.

"అన్నిసార్లూ నిలబెట్టే నొక్కావు. నిలబెట్టి, నిలబెట్టి, ఆ నిలబడ్డదాన్ని కదలమంటే ఎలా కదులుతుంది? ఒక్కసారి అమ్మని ఏమీ చెయ్యకుండా తియ్యి. సరిచెయ్యకుండా. అమ్మ ఎలా ఉంటే అలా."

"నువ్వే తియ్యకూడదూ?"

"నేను తీయనిదెప్పుడు? నా దగ్గర పెట్టె నిండా ఉన్నాయి. అమ్మని కదలొద్దన్నది నేను కాదు నాన్నా."

కూతురు తల్లి వేళ్ళకి మందు రాయడానికి పోయింది.

మర్నాటి నుంచి ఆయన ప్రయత్నించాడు. ఆ మాట ఒప్పుకోవాలి. భార్య కత్తెరతో పని చేసుకుంటుంటే, తలుపు కర్టెను వెనకాల కెమెరాతో నిలబడ్డాడు. చూశాడు. వెలుతురు ఎడమవైపు నుంచి పడుతోంది, బాగుంది. గడ్డం మాత్రం కాస్త పైకి ఉంది. అది కిందకి దిగితే తీద్దామనుకున్నాడు. దిగింది. ఈసారి జుట్టు చెంప మీదికి పడింది. అది పోనీ అనుకున్నాడు. వేలు మాత్రం కదల్లేదు. ఇన్నేళ్ళుగా అన్నీ సరిగ్గా ఉంటేనే కదిలిన వేలు అది. చివరికి ఎలాగో బలవంతంగా నొక్కబోయేసరికి నోరు దానంతటదే అనేసింది:

"స్టెడీ."

ఆమె కత్తెర గాల్లో పట్టుకుని బిగుసుకుపోయింది.

మాస్టారు కర్టెను వదిలేసి, పెరట్లోకి పోయి, కుళాయి కింద మొహం కడుక్కున్నాడు. క్రమం తప్పని మనిషి అని అందరూ ఆయన్ని మెచ్చుకుంటారు. క్రమం ఒకరిని బాగుచేసేదాకా మంచిదే. ఎదుటి మనిషి ఊపిరి కూడా మన చెప్పుచేతల్లో ఉండాలనుకునేదాకా పోతే దాని పేరు వేరే. ఆ పేరు ఆయనకి ఆ పెరట్లో తెలిసింది. తెలిసినంత మాత్రాన వేలు మారదు.

గోడ పని మొదలయ్యింది. అవతలి చివర నుంచి కొట్టుకుంటూ రెండురోజుల్లో నీడ దగ్గరలోకి వచ్చారు. ఆరోజు ఉదయం కూతురు, "అమ్మని తీసుకెళదాం. అక్కడుండనీ. ఏం జరిగినా తన కళ్ళ ముందు జరగనీ," అంది. మాస్టారు స్టాండు కూడా భుజానేసుకున్నాడు.

"అదెందుకు?"

"పోయేలోగా నీడ ఫోటో ఒకటి తీసి పెట్టుకుంటాను. ఉత్త నీడదే. మీ అమ్మని నిలబెట్టనులే."

పార్కులో దుమ్ము లేవకుండా పనివాళ్ళు గోడని పైపుతో తడుపుతున్నారు. నేలంతా బురద. మేస్త్రీ వాళ్ళని చూసి సుత్తులు ఆపించాడు.

"ఒక ఫోటో తీసుకుంటాను," అన్నాడు మాస్టారు.

"తీసుకోండి. తొందరగా కానివ్వండి మాస్టారూ, వెలుతురు కోసం సాయంత్రం దాకా చూడకండి." పనివాళ్ళు నవ్వారు. "ఇటుకల్ని కూడా నవ్వమంటారేమో!" అన్నాడొకడు.

భార్య ఆయనకి కాస్త దూరంలో, తెచ్చి నిలబెట్టినచోట నిలబడింది. వేళ్ళకి కట్టు ఉంది. ఎదురుగా తన నీడ. దాని వైపు చూస్తోందో లేదో చెప్పలేం. కూతురు తల్లి వెనకాల ఉంది.

మాస్టారు స్టాండు పాతబోతే బురదలో దిగబడిపోయింది. చేత్తోనే తీద్దామని కెమెరా పట్టుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు. గోడ అంచు వంకరగా వస్తోందని ఇంకో అడుగు వేశాడు. ఆ వెనకాల నీళ్ళ పైపు ఉంది. దాని మీద కాలు పడింది, పైపు జారింది, ఆయన కాళ్ళు రెండూ పైకి లేచాయి.

పడుతూ పడుతూ ఆయన ఒకటి చూశాడు. భార్య చెయ్యి. కట్టున్న వేళ్ళతో ఆ చెయ్యి ఆయన వైపు వస్తోంది. నోరు తెరుచుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని, ఆమె ఒక కాలు బురదలో పెట్టి ఆయన్ని పట్టుకోవడానికి ముందుకి దూకింది. చెయ్యి చాపమని ఆమెకి ఎవరూ చెప్పలేదు. గడ్డం పైకి ఉంది, జుట్టు చెంప మీద ఉంది. ఆమె చెయ్యి ఆయనకి అందలేదు. ఆయన వీపు నేలకి తగిలింది, ఆ అదురుకి వేలు కెమెరా మీద నొక్కుకుపోయింది. క్లిక్కుమంది.

"లేవండి మాస్టారూ, దెబ్బ తగిలిందా?" అని మేస్త్రీ వచ్చాడు. వచ్చినవాడు గోడ వైపు చూసి ఆగిపోయాడు.

నీడ గోడ మీది నుంచి ఎడమ చెయ్యి తీసింది. మెడ నిటారుగా ఎత్తి, రెండో వైపుకి తిప్పింది. ఎంతోసేపు కూర్చుని లేచిన మనిషిలా కాస్త తూలింది. తరవాత గోడ వెంట మెల్లగా, తడి ఇటుకల మీదుగా, పగలగొట్టిన చోటిదాకా నడిచి, అక్కడి నుంచి కిందికి దిగి, బురదలోంచి వచ్చి ఆమె పాదాల దగ్గర ఆగింది.

పనివాడొకడు పైపు నీళ్ళు ఆపేశాడు.

ఆమె మొహం ముడుచుకుంది. మొదట ఎవరికీ అర్థంకాలేదు. ఆ మొహం ముడుచుకోవడం కూతురు ఊహ తెలిశాక చూసి ఎరగదు.

"కాళ్ళు," అంది ఆమె. "అమ్మో, కాళ్ళు పీకేస్తున్నాయి."

ఇటుకల కుప్ప మీద కూలబడింది. కూతురు పరిగెత్తుకొచ్చి పట్టుకుంది. మాస్టారు బురదలోంచి లేచి, కెమెరా అక్కడే వదిలేసి, ఆమె ముందు కూర్చున్నాడు.

"ఎక్కడికి పోయారు?" అని అడిగింది ఆమె.

"పెళ్ళివాళ్ళు వచ్చారు. పిలిస్తే వెళ్ళాను."

"నాతో ఒక్కమాట చెప్పిపోకూడదా?"

"మర్చిపోయాను."

ఆమె ఆయన్ని చూసింది. నెత్తిన జుట్టు లేదు, ఉన్న కాస్తా తెల్లగా ఉంది. తరవాత తన భుజం పట్టుకున్న చేతిని చూసి, ఆ చెయ్యి వెంట పైకి చూసుకుంటూ పోయి కూతురి మొహం దగ్గర ఆగింది. పొడుగాటి మనిషి. కళ్ళ కింద అప్పుడే గీతలు పడుతున్నాయి. ఆమె ఆ మొహాన్ని కట్టు కట్టిన వేళ్ళతో తడిమింది. చెంపలు, చెవులు, మెడ తడిమింది.

"ఇంతసేపా?" అంది.

ఆమె ఏడ్చింది. పోయినవాళ్ళ ఇళ్ళలో ఏడవనిది కూడా కలుపుకుని, పార్కంతా వినపడేలా ఏడ్చింది. కాలిన వేళ్ళు ఇప్పుడు మంటపుట్టి, చేతులు విదిలించుకుంటూ ఏడ్చింది. మాస్టారు ఆమె పాదాలు పట్టుకోబోతే వెనక్కి లాక్కుంది. ఆయన మళ్ళీ పట్టుకోలేదు.

పనివాళ్ళు పక్కకి పోయి కూర్చున్నారు. కాసేపటికి మేస్త్రీ వచ్చి, "అమ్మా, ఇక్కడ ఇటుకలు పడతాయి. కాస్త అటు జరుగుతారా?" అన్నాడు.

"జరగను," అంది ఆమె.

మేస్త్రీ తల ఊపి, మనుషుల్ని అవతలి చివరకి పంపాడు.

ఎండ పెరిగింది. ఏడుపు తగ్గాక ఆమె ముక్కు తుడుచుకుని, "దాహంగా ఉంది," అంది, ఎవరి వైపూ చూడకుండా.

కూతురు లేవబోయింది. అప్పటికే మాస్టారు పరిగెడుతున్నాడు. ఒక చెప్పు బురదలోనే ఉండిపోయింది, వీపంతా మట్టి, దారిలో ఎవరో పలకరిస్తే ఆగలేదు. కుళాయి దగ్గర పనివాళ్ళ గ్లాసు అందుకుని నింపుకుని, సగం ఒలకబోసుకుంటూ వచ్చి ఆమెకి ఇచ్చాడు.

ఆమె గటగటా తాగింది. గడ్డం మీదుగా కారిన నీళ్ళు తుడుచుకోలేదు. ఖాళీ గ్లాసు ఆయన ముందుకి చాపింది.

"ఇంకా," అంది.